తేనెటీగల రోగకారక బాక్టీరియాకు సోకే ఫేజ్ జీనోమ్‌ను పూర్తిగా తేల్చడం ఎలా

తేనెటీగల లార్వాలను చంపే అమెరికన్ ఫౌల్ బ్రూడ్ వ్యాధి మీద పనిచేస్తూ, ఆ వ్యాధికి కారణమైన పేనిబాసిలస్ లార్వే బాక్టీరియాకు సోకే ఫేజ్‌ను (బాక్టీరియాలకు సోకే వైరస్‌ను) వేరుచేసినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటే. సీక్వెన్సింగ్ ఫైళ్లు వచ్చాయి, యంత్రం చదివిన చిన్న ముక్కలను (రీడ్లను) కలిపి కూర్చే అసెంబ్లీ ప్రోగ్రామ్ నలభై రెండు వేల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) కాంటిగ్ ఒకటి, అంటే తెగని వరుస ఒకటి, ఇచ్చింది, ఇక పని అయిపోయినట్టేనా అని. కాలేదన్నదే నా జవాబు. ఫేజ్ డీఎన్ఏ నిజంగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. వచ్చిన కాంటిగ్ మీరు వేరుచేసిన ఫేజ్‌దా, లేక బాక్టీరియా తన క్రోమోజోమ్‌లో మోసుకు తిరిగే మరో ఫేజ్‌దా అన్నదీ తెలియదు. ఇక జన్యువులకు తగిలించే పేర్లలో ఎన్ని నిలబడతాయో చెప్పడం దాని పని కానే కాదు. ఈ మూడూ మీరే తేల్చుకోవాలి. నేను పాటించే క్రమాన్ని కింద వరుసగా రాస్తున్నాను.

కొలబద్దగా పనికొచ్చే కొన్ని సంగతులు ముందే చెబుతాను. ఈ బాక్టీరియా ఫేజ్‌లను 1950లలోనే వేరుచేసినా, మొదటి పూర్తి జీనోమ్ 2013లో గానీ వెలువడలేదు. దాని పేరు ఫై ఐబీబీ పీఎల్23. అప్పటికి తెలిసిన 48 జీనోమ్‌లను 2018లో ఒకచోట పెట్టి పోల్చినప్పుడు అవి నాలుగు గుంపులుగానూ, ఏ గుంపులోనూ చేరని ఒంటరి ఫేజ్ ఒకటిగానూ తేలాయి. ఎక్కువ ఫేజ్‌ల జీనోమ్ పొడవు 38 నుంచి 45 కిలోబేస్‌ల (వేల బేస్‌ల) మధ్య ఉండి, వాటి కొసలు ఒకదానికొకటి అతుక్కునే ‘కాస్’ రకానివి. కొన్నిటి పొడవు మాత్రం 50 నుంచి 55 కిలోబేస్‌లు. వాటికి రెండు చివర్లలోనూ ఒకే వరుస మళ్లీ వస్తుంది. ఈ రెండు అంకెల జతలను దగ్గర ఉంచుకోండి, తర్వాతి మెట్లలో వాటి అవసరం చాలాసార్లు పడుతుంది.

యూరోపియన్ ఫౌల్ బ్రూడ్‌కు కారణమైన మెలిసోకోకస్ ప్లుటోనియస్ మీద పనిచేసేవాళ్లకు కూడా ఈ క్రమం పనికొస్తుంది గానీ, పై అంకెలను దానికి వర్తింపజేయవద్దు.

ఏమేం కావాలి

- ఫేజ్‌ను పెంచిన బాక్టీరియా స్ట్రెయిన్, దాని ఎరిక్ జన్యురకం (ఈ బాక్టీరియా స్ట్రెయిన్లను వర్గీకరించే డీఎన్ఏ గుర్తు) వివరం. ఆ స్ట్రెయిన్ జీనోమ్ కూడా ఉంటే సగం చిక్కులు తప్పుతాయి.
- 0.22 మైక్రోమీటర్ ఫిల్టర్లు, డీఎన్ఏస్ 1, ఆర్ఎన్ఏస్ ఏ, ఈడీటీఏ, ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్ కె, డీఎన్ఏ శుద్ధి చేసే కిట్ లేదా ఫినాల్, క్లోరోఫామ్.
- డీఎన్ఏ పరిమాణాన్ని ఫ్లోరెసెన్స్ పద్ధతిలో కొలిచే పరికరం, బాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ జన్యువుకు పీసీఆర్ ప్రైమర్లు.
- 16 గిగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్. ఇంత చిన్న జీనోమ్‌కు పెద్ద సర్వర్ అక్కర్లేదు.
- ఉచితంగా దొరికే ప్రోగ్రామ్‌లు: రీడ్లను శుభ్రపరచడానికి ఫాస్ట్‌పీ, తగ్గించడానికి సెక్‌టీకే, కూర్చడానికి స్పేడ్స్, గ్రాఫ్ చూడటానికి బ్యాండేజ్, కొసల కోసం ఫేజ్‌టెర్మ్, రీడ్లను తిరిగి అమర్చి చూడటానికి బీడబ్ల్యూఏ, ఐజీవీ, జన్యువుల గుర్తింపుకు ఫారోక్కా, పేర్ల పరిశీలనకు బ్లాస్ట్, హెచ్‌హెచ్‌ప్రెడ్, పోలికకు విరిడిక్.

ఒక హెచ్చరిక. ఈ బాక్టీరియా స్పోర్లు దశాబ్దాల తరబడి బతికి ఉండి మళ్లీ మొలకెత్తగలవు. కల్చర్లు పట్టుకున్న కోటుతో, చేతి తొడుగులతో తేనెటీగల పెట్టెల దగ్గరికి వెళ్లవద్దు. వాడిన ప్రతి ప్లేటునూ, గొట్టాన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారవేయండి. ఆల్కహాల్‌తో తుడిస్తే స్పోర్లు చావవు.

1. ఫేజ్ ఒక్కటే ఉందని నిర్ధారించుకోండి

ఒంటరిగా ఉన్న ప్లాక్ (ఫేజ్ బాక్టీరియాను చంపిన చోట ప్లేటు మీద ఏర్పడే మచ్చ) ఒకదాన్ని తీసి, దానితో మళ్లీ ప్లేటు వేసి, అందులోంచి మరో ఒంటరి ప్లాక్ తీయండి. ఇలా కనీసం మూడుసార్లు చేయాలి. ప్లాక్‌ల పరిమాణం, మసక అన్నీ ఒకేలా కనిపిస్తున్నా ఈ మెట్టును దాటవేయవద్దు, ఎందుకంటే రెండు దగ్గరి ఫేజ్‌ల ప్లాక్‌లను కంటితో వేరుచేయలేరు.

చాలామంది చేయని పరీక్ష ఇంకొకటి ఉంది. ఫేజ్‌ను కలపకుండా ఆతిథేయి బాక్టీరియాను (మీరు ఫేజ్‌ను పెంచే స్ట్రెయిన్‌ను) మాత్రమే పెంచి, ఆ ద్రవాన్ని ఫిల్టర్ చేసి, అదే బాక్టీరియాకు చెందిన వేరే స్ట్రెయిన్ పరచిన ప్లేటు మీద చుక్క వేయండి. అక్కడ ప్లాక్‌లు వచ్చాయంటే, మీ ఆతిథేయి క్రోమోజోమ్‌లో దాగి ఉన్న ఫేజ్, అంటే ప్రోఫేజ్, దానంతటదే బయటికి వస్తోందన్నమాట. పేనిబాసిలస్ లార్వే క్రోమోజోమ్‌లో ప్రోఫేజ్‌లు సర్వసాధారణం కాబట్టి ఇది అరుదైన విషయమేమీ కాదు. వేరే స్ట్రెయిన్ మీదే ఎందుకు వేయమంటున్నానంటే, ప్రోఫేజ్‌ను మోసే స్ట్రెయిన్‌కు అదే ఫేజ్ నుంచి రక్షణ ఉంటుంది, అందువల్ల దాని మీద ప్లాక్ రాకపోవచ్చు. ప్లాక్‌లు వస్తే ఆతిథేయిని మార్చండి. మార్చే వీలు లేకపోతే కనీసం ఆ ఆతిథేయి జీనోమ్‌ను సీక్వెన్స్ చేయించండి.

2. డీఎన్ఏ తీయండి

ఫిల్టర్ చేసిన ఫేజ్ ద్రవంలో డీఎన్ఏస్, ఆర్ఎన్ఏస్ కలిపి 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట దాకా ఉంచండి. పగిలిన బాక్టీరియా నుంచి వచ్చిన డీఎన్ఏ ఈ దశలో నశిస్తుంది. ఫేజ్ డీఎన్ఏ దాని తలలో భద్రంగా ఉంటుంది. డీఎన్ఏస్ పనిచేయాలంటే ద్రవంలో మెగ్నీషియం ఉండాలన్న సంగతి మరవవద్దు. ఆ తర్వాత ఈడీటీఏ కలిపి, వేడి చేసి, డీఎన్ఏస్‌ను పూర్తిగా ఆపాకే ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్ కెతో ఫేజ్ తలను తెరవాలి. ఈ వరుస తారుమారైతే మిగిలిన డీఎన్ఏస్ మీ ఫేజ్ డీఎన్ఏనే తినేస్తుంది. దిగుబడి చాలా తక్కువ వచ్చిందని చెప్పేవాళ్లను నేను మొదట అడిగేది ఈ వరుస గురించే.

ఫలితాన్ని రెండు విధాలుగా చూసుకోండి. పరిమాణాన్ని ఫ్లోరెసెన్స్ పద్ధతిలో కొలవండి. అతినీలలోహిత కాంతితో కొలిస్తే మిగిలిపోయిన ఆర్ఎన్ఏ ముక్కలు కూడా డీఎన్ఏగా లెక్కలోకి వస్తాయి. తర్వాత 16ఎస్ జన్యువుకు పీసీఆర్ చేయండి. ఫేజ్‌లో ఆ జన్యువు ఉండదు కాబట్టి, బ్యాండ్ బలంగా వస్తే బాక్టీరియా డీఎన్ఏ మిగిలిందని అర్థం. అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బయటికి వచ్చిన ప్రోఫేజ్ కూడా తలలోనే దాక్కుని ఉంటుంది, కాబట్టి దాన్ని డీఎన్ఏస్ తాకదు, 16ఎస్ పీసీఆర్ పట్టుకోదు.

3. లైబ్రరీ రకాన్ని ముందే అడిగి తెలుసుకోండి

లైబ్రరీ అంటే సీక్వెన్సింగ్ కోసం సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కల సమూహం. సీక్వెన్సింగ్‌కు పంపే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: డీఎన్ఏను యాంత్రికంగా ముక్కలు చేస్తారా, లేక ట్రాన్స్‌పోజేస్ ఎంజైమ్‌తో కోస్తారా? రెండో పద్ధతి చౌక, వేగం ఎక్కువ. కానీ అందులో డీఎన్ఏ సహజమైన కొసలు రీడ్లలోకి సరిగా రావు. ఎంజైమ్ కొసకు కాస్త లోపలే కోసి అడాప్టర్ (యంత్రం చదవడానికి తగిలించే చిన్న డీఎన్ఏ ముక్క) అతికిస్తుంది గానీ, అసలు కొసకు అతికించదు. ఫేజ్‌టెర్మ్ వంటి సాధనం ఆ కొసల దగ్గర మొదలయ్యే రీడ్లనే లెక్కపెడుతుంది కాబట్టి, ట్రాన్స్‌పోజేస్ లైబ్రరీతో అది పనిచేయదు. ఈ సంగతి తెలియక డబ్బు ఖర్చుపెట్టి తర్వాత బాధపడినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇప్పటికే ఆ రకం లైబ్రరీ చేయించి ఉంటే నిరాశపడవద్దు. ఆరో మెట్టులో ప్రత్యామ్నాయం ఉంది.

4. రీడ్లను శుభ్రపరచి, తగ్గించండి

ఫాస్ట్‌పీతో అడాప్టర్లను, నాణ్యత తక్కువ ఉన్న చివరలను తీసివేయండి. ఆ తర్వాత రీడ్లను తగ్గించాలి. ‘ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. లెక్క వేసి చూడండి: జీనోమ్ 42,000 బేస్‌లు, ఒక్కో బేస్‌ను వందసార్లు చదివితే చాలు, ఒక్కో రీడ్ 150 బేస్‌లు. అంటే కావలసినవి 28,000 రీడ్లు, జతలుగా చెబితే 14,000. మీ ఫైల్లో లక్షల జతలు ఉండి ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి అసెంబ్లీకి ఇస్తే, సీక్వెన్సింగ్ పొరపాట్లే పదులసార్లు పునరావృతమై నిజమైన తేడాల్లా కనిపిస్తాయి, కాంటిగ్ ముక్కలవుతుంది. అంతేగాక, బాక్టీరియా డీఎన్ఏ కొద్దిగా కలిసి ఉన్నా, ఆ కొద్దీ కూర్పుకు సరిపడేంత అవుతుంది. సెక్‌టీకేతో యాదృచ్ఛికంగా 15,000 నుంచి 20,000 జతలు తీసుకోండి. ఫైలు మొదటి వరుసలను కోసి తీసుకోవద్దు. అవి నాణ్యత తక్కువ ఉన్న ప్రాంతానివి అయ్యే అవకాశం ఉంది.

5. కూర్చండి, గ్రాఫ్ చూడండి

స్పేడ్స్‌తో కూర్చి, వచ్చిన గ్రాఫ్‌ను బ్యాండేజ్‌లో తెరవండి. వలయంగానో ఒకే గీతగానో ఒక్క కాంటిగ్ కనిపిస్తే పని సుళువు. అలా రాకపోతే, ప్రతి కాంటిగ్ పొడవునూ కవరేజినీ (ఒక్కో బేస్‌ను సగటున ఎన్నిసార్లు చదివారన్నది) పక్కపక్కన రాసుకోండి. ఈ చిన్న పట్టిక ఎన్నో విషయాలు చెబుతుంది.

ఉదాహరణకు, తగ్గించని రీడ్లతో కూర్చినప్పుడు 42 కిలోబేస్‌ల కాంటిగ్‌కు 2,000 రెట్ల కవరేజి, వందలాది చిన్న కాంటిగ్‌లకు రెండు మూడు రెట్లు వచ్చాయనుకోండి. ఆ చిన్నవన్నీ బాక్టీరియా క్రోమోజోమ్ ముక్కలు. ఆ క్రోమోజోమ్ నలభై లక్షల బేస్‌లకు పైబడినది కాబట్టి, కలిసిన డీఎన్ఏలో పది శాతం దానిదే అయినా ఒక్కో బేస్ మీద పడే రీడ్లు చాలా తక్కువ. వాటిని వదిలేయవచ్చు. కానీ ఆ రెండిటికీ మధ్య, 60 రెట్ల కవరేజితో ఇంకో 40 కిలోబేస్‌ల కాంటిగ్ ఉంటే ఆగండి. అది తలలో చేరి బయటికి వచ్చిన ప్రోఫేజ్ అయి ఉండవచ్చు. అక్కడి వరుస ఆతిథేయి జీనోమ్‌లో అచ్చంగా దొరుకుతుందో లేదో చూస్తే తేలిపోతుంది.

ప్రోఫేజ్‌తో ఇంకో చిక్కు ఉంది. దానికీ మీ ఫేజ్‌కూ కొన్ని జన్యువులు దాదాపు ఒకేలా ఉండవచ్చు. అటువంటి చోట గ్రాఫ్‌లో రెండు దారులు వచ్చి కలిసి మళ్లీ విడిపోతాయి, కూర్పు తెగిపోతుంది. అప్పుడు ఎక్కువ కవరేజి ఉన్న దారినే పట్టుకుని నడవండి. తేల్చలేకపోతే ఆ సంధికి రెండువైపులా ప్రైమర్లు పెట్టి పీసీఆర్ చేసి, ఒక్కో ముక్కను విడిగా చదివే శాంగర్ పద్ధతిలో చదివించండి. లేదా పొడవైన రీడ్లనిచ్చే నానోపోర్ సీక్వెన్సింగ్ చేయించండి. ఫేజ్‌కూ ఆతిథేయికీ జీసీ శాతం (జీ, సీ బేస్‌ల వాటా) దగ్గర దగ్గరగా ఉండటం వల్ల, దాని ఆధారంగా రెండిటినీ విడదీసే ప్రయత్నం చేయవద్దు.

6. కొసలను తేల్చండి

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, అందుకని నింపాదిగా చదవండి.

అన్నిటికంటే ముందు, కాంటిగ్ మొదటి వరుసనూ చివరి వరుసనూ పోల్చండి. స్పేడ్స్ చివరిగా వాడిన కె-మెర్ (కూర్చడానికి రీడ్లను తెంచుకునే స్థిరమైన పొడవు గల ముక్క) పొడవు 127 అయితే, వలయంగా కూడే కాంటిగ్ రెండు చివర్లలోనూ సరిగ్గా 127 బేస్‌లు ఒకేలా ఉంటాయి. ఇవి ఫేజ్‌కు చెందిన పునరావృతం కాదు, కూర్చే విధానం వల్ల మిగిలిన అతుకు. నా మొదటి ఫేజ్‌కు నేను దీన్నే కొస పునరావృతంగా నమ్మి, చిత్రం కూడా గీశాక, మరో కె-మెర్‌తో కూర్చినప్పుడు ఆ ‘పునరావృతం’ పొడవు కూడా మారిపోవడం చూసి గానీ పొరపాటు గ్రహించలేదు. పరీక్ష కూడా అదే: కె-మెర్ పొడవు మార్చండి. దానితోపాటే మారేది అతుకు, మారనిది నిజం. అతుకైతే ఒకవైపు భాగాన్ని తీసివేయండి.

ఇప్పుడు కాంటిగ్‌ను వలయంగా భావించి, వేరే చోట తెంచి, అనుమానం ఉన్న కొస మధ్యలోకి వచ్చేలా తిప్పండి. మొత్తం రీడ్లను బీడబ్ల్యూఏతో దాని మీద అమర్చి, ఐజీవీలో ఆ ప్రాంతాన్ని దగ్గరగా చూడండి. మూడు దృశ్యాల్లో ఒకటి కనిపిస్తుంది.

కుడివైపు సాగే రీడ్లు చాలా ఒకే బేస్ దగ్గర మొదలై, ఎడమవైపు సాగేవి దానికి కొన్ని బేస్‌ల దూరంలో మరో చోట మొదలైతే, మధ్యలో ఇరుకైన లోయలా కవరేజి పడిపోతే, అది కాస్ రకం. ఆ లోయే అతుక్కునే ఒంటిపోగు కొస. పేనిబాసిలస్ లార్వే కాస్ ఫేజ్‌లలో ఆ కొస 3 ప్రైమ్ వైపు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. లైబ్రరీ తయారీలో అటువంటి ఒంటిపోగును ఎంజైమ్ కొరికివేస్తుంది, కాబట్టి ఆ కొద్ది బేస్‌లూ రీడ్లలో కనిపించవు. మరి వలయంగా ఎలా కూడింది అని మీరు అడగవచ్చు. కొన్ని అణువుల్లో రెండు కొసలూ ముందే అతుక్కుని ఉంటాయి. వాటి నుంచి వచ్చిన కొద్దిపాటి రీడ్లు ఆ లోయను దాటుతాయి, లోపలి బేస్‌లను చదివి చెప్పేవి అవే.

రెండు వందల నుంచి కొన్ని వందల బేస్‌ల మేర కవరేజి సరిగ్గా రెట్టింపై, ఆ ప్రాంతానికి రెండు అంచులూ నిలువు గోడల్లా ఉంటే, అది కొస పునరావృతాల రకం. కూర్పులో ఆ వరుస ఒక్కసారే వచ్చింది కాబట్టి, దాన్ని రెండో చివర కూడా చేర్చాలి. ఉదాహరణకు కాంటిగ్ 54,000 బేస్‌లు, పునరావృతం 380 అయితే, నమోదు చేయాల్సిన పొడవు 54,380. దీన్ని చేర్చడం మరచిన నమోదులో కొస దగ్గరి జన్యువు సగానికి తెగి కనిపించే ప్రమాదం ఉంది.

ఎక్కడా గోడ కనిపించకపోతే, లైబ్రరీ ట్రాన్స్‌పోజేస్‌ది అయి ఉండాలి, లేదా ఫేజ్ తలను నిండేదాకా నింపుకునే రకం అయి ఉండాలి. అప్పుడు ప్రయోగశాలకు తిరిగి వెళ్లండి. జీనోమ్‌ను అరుదుగా కోసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి, సగాన్ని 75 నుంచి 80 డిగ్రీల దగ్గర వేడి చేసి వెంటనే మంచులో పెట్టి, రెండు భాగాలనూ జెల్ మీద పక్కపక్కన నడపండి. వేడి చేసిన దాంట్లో ఒక పెద్ద బ్యాండ్ పలచబడి, దాని బదులు రెండు చిన్నవి వచ్చాయంటే అది కాస్ ఫేజ్. తర్వాత కొస వైపు చూసే ప్రైమర్లతో ఫేజ్ డీఎన్ఏ మీద నేరుగా శాంగర్ పద్ధతిలో చదివిస్తే, సంకేతం హఠాత్తుగా పడిపోయే బేస్ దగ్గర కొస ఉంటుంది. పాలిమరేజ్ చివరలో తనంతట తాను ఒక ‘ఏ’ చేర్చే అలవాటు ఉంది. దాన్ని జీనోమ్‌లో కలిపివేయవద్దు.

ఈ మెట్టు ఫలితాన్ని పొడవుతో సరిచూసుకోండి. 40 కిలోబేస్‌ల జీనోమ్‌కు కొస పునరావృతాలు, 53 కిలోబేస్‌లకు కాస్ అని వస్తే అది అసాధ్యమని కాదు గానీ, ఇంతవరకు తెలిసిన ఫేజ్‌ల నడవడికకు భిన్నం. మళ్లీ మొదటి నుంచి చూడండి.

7. మొదటి బేస్, దిశ

కొస తెలిసింది కాబట్టి మొదటి బేస్ అదే. దిశ మాత్రం మీరు ఎంచాలి: డీఎన్ఏను ఫేజ్ తలలోకి నింపే టెర్మినేజ్ ఎంజైమ్ చిన్న భాగం, పెద్ద భాగం మొదట్లోనే వచ్చి, నిర్మాణ ప్రొటీన్ల జన్యువులు ఎడమ నుంచి కుడికి సాగేలా పెట్టండి. అలా రాకపోతే వరుసను తిరగేసి, అవతలి పోగుదిగా రాయండి. ఇది చేయకుండా వేరే ఫేజ్‌తో పోలిస్తే, లేని పునర్విన్యాసాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

8. జన్యువులను గుర్తించండి

ఫారోక్కాకు జీనోమ్ ఇస్తే, అది జన్యువులను, టీఆర్ఎన్ఏలను గుర్తించి, ఫేజ్ ప్రొటీన్ల కుటుంబాల సంచయంతో పోల్చి తొలి పట్టిక ఇస్తుంది. ఆ పట్టికను చిత్తుప్రతిగానే చూడండి. ఒక్కొక్క జన్యువునూ కంటితో పరిశీలించడానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజును కేటాయించండి.

మొదలు ఎక్కడ అన్నదే ముఖ్యంగా చూడాలి. ఏటీజీతో పాటు జీటీజీ, టీటీజీ కూడా ప్రారంభ కోడాన్లే. ఫేజ్ జన్యువులు కిక్కిరిసి ఉంటాయి, ముందు జన్యువు ముగిసే చోటే తర్వాతిది మొదలయ్యే తీరు చాలా మామూలు. ‘ఏ టీ జీ ఏ’ అన్న నాలుగు బేస్‌లను చూడండి: చివరి మూడు, టీ జీ ఏ, ముందు జన్యువుకు ముగింపు, మొదటి మూడు, ఏ టీ జీ, తర్వాతి జన్యువుకు ప్రారంభం. ఇటువంటి అతివ్యాప్తి కనిపిస్తే ఆ ప్రారంభమే సరైనదయ్యే అవకాశం ఎక్కువ. దానికి కొద్ది బేస్‌ల ముందు రైబోజోమ్ అతుక్కునే చోటు ఉందో లేదో కూడా చూడండి. రెండు జన్యువుల మధ్య నూరు బేస్‌లకు మించిన ఖాళీ ఉంటే అక్కడ చిన్న జన్యువు తప్పిపోయిందేమో వెతకండి. ఒక జన్యువు ఇంకోదాని లోపల పూర్తిగా ఇమిడి ఉంటే, రెండిట్లో ఒకటి దాదాపు ఎప్పుడూ తప్పే.

తోక నిర్మాణానికి తోడ్పడే రెండు జన్యువులు ప్రధాన తోక ప్రొటీన్‌కూ, తోక పొడవును నిర్ణయించే టేప్ మెజర్ ప్రొటీన్‌కూ మధ్య ఉంటాయి. పొడవైన తోకలున్న ఫేజ్‌లు చాలావాటిలో, రైబోజోమ్ అక్కడ ఒక బేస్ వెనక్కి జారి, రెండిటినీ కలిపి ఒకే పొడవైన ప్రొటీన్‌గా కూడా చదువుతుంది. ఏ ప్రోగ్రామూ దీన్ని నమ్మకంగా పట్టుకోదు. ఒకే బేస్ వరసగా వచ్చే జారుడు చోటు కోసం మీరే వెతకండి. టేప్ మెజర్ జన్యువు మాత్రం సాధారణంగా జీనోమ్‌లో అన్నిటికంటే పొడవైనదిగా ఉండి సులభంగా దొరుకుతుంది, దాని ముందున్న ప్రాంతాన్నే చూస్తే చాలు.

9. పేర్లు పెట్టేటప్పుడు నిగ్రహం పాటించండి

ఈ ఫేజ్‌ల ప్రొటీన్లలో దాదాపు సగానికే పని ఊహించగలిగారు. మీ పట్టికలో తొంభై శాతం జన్యువులకు పేర్లు వచ్చాయంటే, సంతోషించే ముందు వాటిని అనుమానించండి.

బ్లాస్ట్‌లో పై వరుసలో వచ్చిన పేరును అలాగే తీసుకోవడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. ఎప్పుడో ఒకరు తప్పుగా పెట్టిన పేరు, దాన్ని చూసి మరొకరు పెట్టిన పేరు, ఇలా ఒకే తప్పు ఇరవై నమోదుల్లోకి పాకుతుంది. ఇరవై చోట్ల ఉంది కదా అని ఇరవై ఒకటో వారు నమ్ముతారు. పోలిక ప్రొటీన్ మొత్తం పొడవునా ఉందా, లేక ఒక మూలనే ఉందా అని చూడండి. 250 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో 60 మాత్రమే డీఎన్ఏను పట్టుకునే ఆకృతిని పోలి ఉంటే, దానికి ‘రిప్రెసర్’ (ఇతర జన్యువులను ఆపి ఉంచే ప్రొటీన్) అని పేరు పెట్టే హక్కు మనకు లేదు. ‘డీఎన్ఏ బంధక ప్రొటీన్’ అని ఆగాలి. బ్లాస్ట్‌లో ఏమీ రానప్పుడు హెచ్‌హెచ్‌ప్రెడ్‌లో చూడండి. అక్కడ కూడా సంభావ్యత 90 శాతం దాటి, పోలిక చాలా మేర సాగితేనే నమ్మండి. ఆధారం లేని చోట ‘పని తెలియని ప్రొటీన్’ అని రాయడం లోటు కాదు. తర్వాత వచ్చేవారికి అది మీరు చేసే మేలు.

కూర్పు పూర్తయిందో లేదో చెప్పే ఒక గుర్తు కూడా ఇక్కడే దొరుకుతుంది. 2018లో పోల్చిన 48 జీనోమ్‌లన్నిటిలోనూ, బాక్టీరియా గోడను కోసి ఫేజ్‌లను బయటికి వదిలే ఎన్-అసిటైల్‌మురమోయిల్-ఎల్-అలనీన్ అమిడేజ్ అనే ఎండోలైసిన్ జన్యువు ఉంది. నిర్మాణ జన్యువులు ముగిశాక దాన్ని వెతకండి. కనిపించకపోతే, కొత్త రకం ఫేజ్ దొరికిందన్న నిర్ణయానికి రావడానికి ముందు, కాంటిగ్‌లో ఏదైనా భాగం జారిపోయిందేమో, ఫ్రేమ్ (బేస్‌లను మూడేసిగా చదివే వరుస) చెదిరిందేమో చూడండి. నానోపోర్ రీడ్లతో మాత్రమే కూర్చిన జీనోమ్‌లలో, ఒకే బేస్ వరసగా వచ్చే చోట ఒకటి ఎక్కువో తక్కువో అయి, నిక్షేపంలాంటి జన్యువు రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

ముందుభాగంలోని నిర్మాణ జన్యువులు ఒకే గుంపు ఫేజ్‌లలో బాగా కలుస్తాయి. మధ్యలోనూ చివరలోనూ ఉండే నియంత్రణ, ప్రతికృతి జన్యువులు ఒకే గుంపులో కూడా కలవకపోవచ్చు. అందుచేత మీ ఫేజ్ రెండో సగం దేనితోనూ కలవడం లేదని కూర్పును తప్పుపట్టవద్దు.

10. చికిత్సకు పనికొస్తుందా అన్న ప్రశ్న

ఫేజ్‌ను తేనెటీగల మీద ప్రయోగించే ఉద్దేశం ఉంటే ఈ మెట్టు తప్పనిసరి. ఫేజ్ డీఎన్ఏను క్రోమోజోమ్‌లో చేర్చే ఇంటిగ్రేజ్, రిప్రెసర్ జన్యువుల కోసం వెతకండి. అవి ఉంటే ఫేజ్ బాక్టీరియాను చంపకుండా దాని క్రోమోజోమ్‌లో చేరి కూర్చోగలదు, చేరిన బాక్టీరియాకు ఆ ఫేజ్ నుంచి రక్షణ కూడా వస్తుంది. ప్లాక్‌లు తేటగా ఉన్నాయన్న కారణంతో ఈ పరీక్ష మానుకోవద్దు. ఫేజ్ జీవనశైలిని ఊహించే ప్రోగ్రామ్‌లు ఇచ్చే అంకె ఒక్కదానిమీదే ఆధారపడవద్దు, జన్యువులను స్వయంగా చూడండి.

విషపదార్థాల జన్యువులు, యాంటీబయోటిక్ నిరోధక జన్యువుల సంచయాలతోనూ పోల్చండి. ఈ బాక్టీరియా తయారుచేసే పీఎల్ఎక్స్1, పీఎల్ఎక్స్2 అనే విషాల వరుసలను విడిగా తీసుకుని మీ ఫేజ్ ప్రొటీన్లతో పోల్చడం మంచిది, ఎందుకంటే సాధారణ సంచయాలు మనుషుల రోగకారకాలకే పెద్దపీట వేస్తాయి. మరోవైపు, ‘మెటల్లో బీటా లాక్టమేజ్ ఆకృతి’ అని కనిపించగానే యాంటీబయోటిక్ నిరోధకత ఉందని కంగారుపడవద్దు. అది ఎన్నో వేర్వేరు పనులు చేసే ఎంజైమ్‌ల పెద్ద కుటుంబం.

11. బంధువులతో పోల్చండి

విరిడిక్‌లో మీ జీనోమ్‌తో పాటు ఫెర్న్, హారిసన్, వేగాస్, హాల్సియోన్ గుంపుల నుంచి రెండేసి జీనోమ్‌లు, ఒంటరిదైన లిలీ కూడా పెట్టండి. మొత్తం పొడవు మీద 95 శాతానికి మించి కలిస్తే అదే జాతి, 70 శాతానికి మించితే అదే ప్రజాతి అన్నది అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ కమిటీ వాడే గీత. పాత వ్యాసాలు చూసి ‘సైఫోవిరిడే కుటుంబం’ అని రాయవద్దు. ఆ కుటుంబాన్ని 2022లో రద్దు చేశారు. తోక తీరును వర్ణించడానికి ‘సైఫోవైరస్ ఆకృతి’ అనడంలో తప్పులేదు.

12. జమ చేయండి

జన్యు వరుసల బహిరంగ సంచయమైన జెన్‌బ్యాంక్‌కు పంపేటప్పుడు ఆతిథేయి పేరు, స్ట్రెయిన్, ఎరిక్ జన్యురకం, నమూనా దేని నుంచి తీశారు, ఎప్పుడు, సీక్వెన్సింగ్ పద్ధతి, కవరేజి, కొసల రకం, ఆ కొసలను ఏ పద్ధతిలో తేల్చారన్నది రాయండి. పేరు పెట్టే ముందు అదే పేరుతో మరో ఫేజ్ లేదని వెతికి చూసుకోండి. కొసలు తేల్చలేకపోతే ఆ మాటే నమోదులో స్పష్టంగా రాయండి. ఊహించి పెట్టిన మొదటి బేస్‌ను నిజమైన కొసగా చూపవద్దు.

నమోదు బయటికి వచ్చాక ఒకసారి దాన్ని దింపుకుని, పొడవు మీ అంకెతో సరిపోయిందా, కొస పునరావృతం రెండుచోట్లా ఉందా, ఫ్రేమ్ జారుడు ఉన్న జన్యువు ముక్కలు కాకుండా నిలిచిందా అని చూడండి. శుభ్రపరచని అసలు రీడ్లను కూడా ముడి రీడ్ల బహిరంగ సంచయమైన ఎస్ఆర్ఏలో పెట్టండి, ఎందుకంటే మీ కొసలను ఎవరైనా అనుమానిస్తే వాళ్లు మళ్లీ లెక్కపెట్టి చూడగలిగేది వాటితోనే.